చెడిపోయిన పాఠం తెమ్మన్న మేడం

మేడం పోయారన్న కబురు మేడం ఫోన్ నుంచే వచ్చింది. పొద్దున్నే పాలు తెచ్చి గిన్నెలో పోస్తున్నాను. మా ఇంగ్లీషు టీచర్ల గ్రూపులో మెసేజ్ పడింది. "అమ్మ రాత్రి నిద్రలోనే పోయింది. మధ్యాహ్నం జనగామలో అంత్యక్రియలు." ఆమె కూతురు రాసింది, తెలుగులో.

మా గ్రూపులో తెలుగు రాయకూడదు. అది మేడం పెట్టిన నియమమే. ఎవరైనా మరిచిపోయి తెలుగులో రాస్తే భూపాలపల్లి వైపు పనిచేసే ఒక సారు వెంటనే "ఇంగ్లీష్ ప్లీజ్" అని పెడతాడు. ఆ కాపలా పని ఆయనకు మేడమే అప్పగించారు. ఆ రోజు మెసేజ్ మేడం నంబరు నుంచి వచ్చేసరికి, ఇవాళ మేడమే దొరికారనుకున్నాడు పాపం. చదవకుండానే "ఇంగ్లీష్ ప్లీజ్, మేడం" అని కొట్టి, పక్కన పళ్లికిలించే బొమ్మ ఒకటి పెట్టాడు. తర్వాత చదివి తీసేశాడు. అప్పటికే అందరం చూశాం.

ఆయన నాకు ఫోన్ చేశాడు.

"ఎంత పని జేస్తి అన్నా! చదవకుండనే కొట్టిన. ఆమె బిడ్డ ఏమనుకుంటది?"

"ఏమనుకోదు తియ్యి. మేడం ఉంటే అందరికన్న ఎక్కువ ఆమెనే నవ్వుతుండె."

నిజానికి జరిగింది కూడా అదే. జనగామలో ఆయన తల దించుకుని మా వెనక నక్కి నిలబడితే, మేడం కూతురే దగ్గరికి వచ్చింది. "సార్, పొద్దటి సంది ఏడుస్తున్న. మీ మెసేజ్ చూసి నవ్వొచ్చింది. ఇంట్ల మమ్మల్ని గూడ అమ్మ గట్లనే సతాయించేది," అంది. అంతమంది మధ్య ఆ సారు ఏడవాలో నవ్వాలో తెలియక కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

మాకు మేడములు చాలామంది ఉన్నారు. లెక్కల మేడం, సైన్సు మేడం, హెడ్‌మాస్టర్ మేడం. ఉత్తగా "మేడం" అంటే మాత్రం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇంగ్లీషు టీచర్లకు ఆమె ఒక్కతే. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల పిల్లలకు చాలాకాలం ఇంగ్లీషు చెప్పి రిటైరై, జనగామలో కూతురి దగ్గర ఉండేవారు. రిటైర్ కాకముందు నుంచీ మాకు శిక్షణ ఇచ్చేవారు. శిక్షణ ఇచ్చేవాళ్లను మా శాఖలో రిసోర్స్ పర్సన్ అంటారు. ఆమె ఆ మాట వింటే, "రిసోర్సు గిసోర్సు ఏం లేదు, నేను సంచి మోసే మనిషిని," అనేవారు. ఆమె భుజానికి ఎప్పుడూ ఒక గోనెసంచి లాంటి పెద్ద సంచి ఉండేది. అందులో మందుల అట్టలు, గింజల ప్యాకెట్లు, పాత టికెట్లు, కరపత్రాలు, సబ్బు డబ్బాలు. ఇంగ్లీషు అక్షరం ఉన్న ఏ కాగితమూ ఆమె పారెయ్యలేదు.

నేను ఆమెను కలిసేనాటికి నా పరిస్థితి చెప్పాలి. ప్రైమరీ బడిలో చాలా ఏళ్లు పనిచేశాను. బీఈడీలో ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా ఉండడంతో నన్ను హైస్కూలుకు ఇంగ్లీషు టీచరుగా ప్రమోషన్ మీద పంపారు. కురవి మండలంలో రైలు పట్టాలకు దగ్గరగా ఉండే బడి. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. నా ఇంగ్లీషు గైడ్లు బట్టీపట్టిన ఇంగ్లీషు. చదవగలను, రాయగలను. నోరు తెరవమంటే మాత్రం రాదు.

క్లాసులో ఒక వాక్యం చదివేవాణ్ణి, తెలుగులో అర్థం చెప్పేవాణ్ణి, ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాసేవాణ్ణి. పిల్లలు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకునేవాళ్లు. సగం మంది తండాల నుంచి వచ్చేవాళ్లు. ఏం అడిగినా "యెస్ సార్" అనేవాళ్లు. అంతకు మించి ఒక్క ముక్క లేదు. నెలలు గడిచాయి. బావిలోకి రాయి వేస్తే చప్పుడైనా వస్తుంది, నా క్లాసులో అదీ లేదు. నన్ను పాత పోస్టుకే పంపమని అడగాలని తేల్చుకున్నాను. దాన్ని రివర్షన్ అంటారు. ఒకసారి వెనక్కి వెళ్తే మళ్లీ ప్రమోషన్ ఎప్పటికో. అయినా సరే అనుకున్నాను. ఆ లోపలే మహబూబాబాద్‌లో ఇంగ్లీషు టీచర్ల శిక్షణ అన్నారు. ఇది ముగించుకుని అటునుంచి అటే జిల్లా విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లి అడిగి రావచ్చని బయలుదేరాను.

మా శిక్షణలు ఎలా ఉంటాయో తోటి టీచర్లకు చెప్పనక్కర్లేదు. సంతకం, ఉప్మా, తెర మీద బొమ్మలు, మధ్యలో కరెంటు పోవడం, చాయ్, సంతకం. మేడం వచ్చిన రోజు సంతకాలు కాగానే అందరినీ లేవమన్నారు.

"బజార్ల ఇంగ్లీషు ఎక్కడెక్కడ ఉందో చూసి రాసుకరండ్రి. బోర్డులు గాదు, బోర్డులు గుడ్డోడు గూడ చదువుతడు. చిన్నచిన్న అక్షరాలు పట్టుకరావాలె."

మేం గుంపులుగా విడిపోయి స్టేషన్ దగ్గరి బజారు మీద పడ్డాం. మేడం మా గుంపుతో వచ్చారు. మేం ఒక ఎరువుల దుకాణంలో దూరి గింజల ప్యాకెట్ల వెనకవైపు తిప్పి రాసుకోవడం మొదలుపెట్టాం. వానాకాలం ముందు రోజులు. నకిలీ గింజల కోసం అధికారులు దుకాణాలు తనిఖీ చేసే కాలం. నలుగురైదుగురం ఇన్‌షర్టులు వేసుకుని పెన్నులతో ప్యాకెట్లు తిప్పుతుంటే దుకాణదారు ముఖం మాడిపోయింది.

"సార్లూ, ఏ డిపార్టుమెంటు మీది?"

"ఎడ్యుకేషన్."

"ఎడ్యుకేషనోళ్లకు పత్తి గింజలతోని ఏం పని?" అంటూ ఆయన షట్టరు సగం గుంజేశాడు. మేం లోపలే ఉన్నాం. ఎవరికో ఫోన్ కలుపుతున్నాడు.

వెనకే నడిచొస్తున్న మేడం షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చారు. "పరేషాన్ గాకు తమ్మీ. నీ దుకాణంల ఇంగ్లీషు శాన ఉందని ఇన్నం. నేర్సుకపోదామని వచ్చినం."

"నకిలీ గింజలని రాసుకపోయి పేపర్లెయ్యరు గద?"

"నకిలీ ఇంగ్లీషు దొరికితే రాసుకుంటం. గింజలు మాకెందుకు?"

ఆయన నవ్వి షట్టరు ఎత్తాడు. చాయ్ చెప్పాడు. తర్వాత పురుగుమందు డబ్బా ఒకటి తెచ్చి, "గీ చిన్నక్షరాలల్ల ఏముందో జర చెప్పున్రి. అమ్ముడే గని ఎన్నడు చదివిచ్చుకోలె," అన్నాడు. నాతో ఉన్న ఒక సారు గట్టిగా చదివి చెప్పాడు. తినే వస్తువుల దగ్గర ఉంచరాదని ఉంది. ఆ డబ్బాలున్న అరలోనే దుకాణదారు సద్దిగిన్నె ఉంది. ఆయన గిన్నె తీసి గల్లాపెట్టె మీద పెట్టుకున్నాడు.

బయటికి వచ్చాక మేడం అన్నారు: "సూసిన్రా? గిది పాఠం. ఒక ముక్క చదివితే ఒక గిన్నె జరగాలె. ఏదీ జరగకపోతే మనం చదివినట్టు గాదు, అరిసినట్టు."

మరునాడు ఇంకో చోద్యం. మాలో తండా నుంచి వచ్చిన టీచరమ్మ ఒకామె ఉంది. నా ఈడుదే. ఎప్పుడూ చివర కూర్చుంటుంది. మేడం ఆమెను ముందుకు పిలిచి, మాకు లంబాడీ భాష చెప్పమన్నారు. "మొదలు మన సార్లు చెప్పినట్టే చెప్పు," అన్నారు. ఆ టీచరమ్మ బోర్డు నిండా లంబాడీ వాక్యాలు తెలుగు అక్షరాల్లో రాసింది. గబగబా చదివింది. రాసుకోమంది. మేం రాసుకున్నాం. "అర్థమైందా?" అంది. అందరం ఒక్క గొంతుతో "అయింది" అన్నాం. అప్పుడు ఆమె లంబాడీలో ఏదో అడిగింది. ఒక్కరమూ నోరు తెరవలేదు. ముందు వరుసలో ఉన్న పెద్ద సారు కింద పడని పెన్ను కోసం బల్ల కిందికి వంగాడు.

"అర్థమైంది అంటిరి గదా?" అన్నారు మేడం. "మీ పిల్లలు 'యెస్ సార్' అనేది గూడ గిసొంటిదే."

ఇక రెండోసారి. టీచరమ్మ తన డబ్బా మూత తీసింది. జొన్నరొట్టెలు. రొట్టెను వాళ్లు బాటి అంటారు. తుంచి చూపించి, తిని, మళ్లీ అడిగింది. వాళ్ల భాషలో అడిగినవాళ్లకే ముక్క. పక్కనే వెల్లుల్లి కారం కూడా ఉంది. ఇంకేముంది, పొద్దుటి ఉప్మా తిన్న మనుషులం ఒకరి మీద ఒకరం పడ్డాం. బల్ల కిందికి వంగిన పెద్ద సారు అందరికంటే ముందు అడిగాడు. తప్పుగానే అడిగాడు. టీచరమ్మ సరిచేసి ఇచ్చింది. ఆయన రెండోసారి సరిగ్గా అడిగి ఇంకో ముక్క పట్టాడు. ఇప్పటికీ ఆ మాటలు నాకు గుర్తున్నాయి. బోర్డు మీద రాసుకున్నవి ఆ సాయంత్రానికే పోయాయి.

"తండా పిల్లకు తెలుగు గూడ బడి భాషనే," అన్నారు మేడం, మేం చేతులు కడుక్కుంటుంటే. "ఇంగ్లీషు తెల్వదని తెలుగుల చెప్తిరి. తాళం తియ్యనీకి ఇంకో తాళం చేతిలవెట్టినట్టు."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. అందుకే మరింత భయమేసింది కూడా. చాయ్ తాగేటప్పుడు మేడం పక్కన నిలబడి చెప్పేశాను.

"మేడం, నేను వాపస్ పోత."

"యాడికి? ఇంకా రెండు రోజులుంది గద ట్రైనింగు."

"ట్రైనింగుకెల్లి గాదు మేడం. పాత బడికి. రివర్షన్ అడుగుత."

"ఎందుకు?"

"నాకు ఇంగ్లీషు రాదు మేడం."

ఆమె చాయ్ ఊదుకున్నారు. "నాకు గూడ పూర రాదు తమ్మీ. రాదని ఇడిచిపెట్టుకుంట పోతే ఈ జిల్లాల ఒక్క ఇంగ్లీషు సారు మిగలడు."

"అది గాదు మేడం, పిల్లలు ఒక్క మాట మాట్లాడరు."

"పో మరి. నేను ఆపను. గని పోయెముందు ఆదివారం మా మీటింగుకు రా. చెడిపోయిన పాఠం ఒకటి పట్టుకరా. దాన్ని అందరం చూసినంక పో. చచ్చినోడినన్న నలుగురు చూస్తరు గద, పాఠాన్ని చూడకుండ పారేస్తవా?"

ఆ ఆదివారం మీటింగు గురించి చెప్పాలి. అది సర్కారుది కాదు. మేడం నడిపేది. నెలకోసారి మహబూబాబాద్ స్టేషన్‌కు దగ్గర్లో ఒక పాత బడి గదిలో కలుస్తాం. మేడం జనగామ నుంచి రైల్లో వచ్చేవారు. మీటింగుకు ఒకే ఒక్క షరతు. మంచిగా వచ్చిన పాఠం గురించి ఎవరూ చెప్పరాదు. "మంచి పాఠాలు ఇంటికాడ చెప్పుకోండ్రి, మీ ఇంటోళ్లు సంబురపడతరు. ఈడికి చెడిపోయినవే తేవాలె," అనేవారు. అధికారుల ముందు అందరం గొప్పలే చెబుతాం. ఇక్కడ చెడిపోయిన పాఠం తేనివాళ్లు చాయ్ తాగించాలి. గ్రూపులో తప్పులేని ఇంగ్లీషు మెసేజ్ పెట్టినవాళ్లు కూడా తాగించాలి. "ఎక్కడికెల్లో ఎత్తుకొచ్చినవ్ గద" అని మేడం పట్టేసేవారు. మధ్యలో రైలు వస్తే ఎవరి మాటా వినపడదు. "రైలును మాట్లాడనీ, దానికి గూడ వంతు ఇయ్యాలె," అని ఆమె కళ్లద్దాలు తుడుచుకునేవారు.

మేడం అంటే ఫోన్లు, వీడియోలు వద్దనే మనిషి అనుకోవద్దు. ఆన్‌లైన్ శిక్షణలు వచ్చిన కొత్తలో మేమంతా ఇంట్లో వీడియో ఆన్ చేసి, పక్కన పప్పు తాలింపు పెట్టుకునేవాళ్లం. వీడియో అయిపోతే సర్టిఫికెట్ వచ్చేది. ఆమెకు ఇది తెలుసు. "సర్టిఫికెట్ వచ్చింది సరే. పప్పు ఎట్లొచ్చింది?" అని అడిగేవారు. కానీ వాటిలో పనికొచ్చేది ఏదుందో తానే అంతా చూసి, ఏ ముక్క చూడాలో, ఎక్కడ ఆపాలో గ్రూపులో పెట్టేవారు. టీచర్ల కోసం ఎక్కడ ఏ కోర్సు పడినా ఆమెకు తెలిసేది. మాకు చెప్పడంతో ఆగేవారు కాదు, వెంటపడేవారు. లంబాడీ పాఠం చెప్పిన టీచరమ్మను హైదరాబాద్‌లో నెల రోజుల కోర్సుకు పంపింది అలాగే. ఆమె భయపడింది. పెద్ద పెద్దవాళ్లు వస్తారని, తన ఇంగ్లీషు చూసి నవ్వుతారని.

"దరఖాస్తు పెట్టినంక భయపడు," అన్నారు మేడం. "గిప్పుడే భయపడితే రెండుసార్లు భయపడాల్సొస్తది."

నవ్వుతారన్న మాటకు ఆమె దగ్గర ఇంకో జవాబు ఉండేది. మేడం ఇంగ్లీషులో జనగామ యాస అలాగే ఉండేది. ఒకసారి పట్నం నుంచి ఉచ్చారణ నేర్పడానికి వచ్చిన ఒకాయన ఆమె పలికిన మాటకు పెదవి దాచుకుని నవ్వాడు. మాకు కోపం వచ్చింది. ఆమెకు రాలేదు. "మన తెలుగునే సినిమాలల్ల ఇన్నేండ్లు నవ్విన్రు. ఇంగ్లీషును ఇడిచిపెడతరా? నవ్వనియ్యుండ్రి. నవ్వెటోడు ఇంటున్నట్టే గద," అన్నారు. ఆ మధ్యాహ్నం ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని తనకు రాని రెండు మూడు శబ్దాలు పలికించుకుని నేర్చుకున్నారు.

ఆ టీచరమ్మ కోర్సు ముగించుకుని వచ్చింది. మేడం పోయాక వచ్చిన ఆదివారం మీటింగు ఆమే నడిపింది. మేడం ఫోటో పెడదామని ఒకరంటే, దండ వేస్తే మేడం తిడతారని ఇంకొకరన్నారు. చివరికి ఏమీ పెట్టలేదు. "చెడిపోయింది ఎవరన్న తెచ్చిన్రా?" అని టీచరమ్మ అడిగింది. భూపాలపల్లి సారు లేచి తన మెసేజ్ సంగతి మొత్తం ఇంగ్లీషులో చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఎవరూ తెలుగులో అందించలేదు.

సరే, ఆ శిక్షణ తర్వాతి ఆదివారానికి, నా చెడిపోయిన పాఠానికి వస్తాను. క్లాసు జరుగుతుంటే పది నిమిషాలు ఫోన్లో రికార్డు చేసి తెమ్మన్నారు మేడం. నేను ఇంట్లో వినలేదు, ధైర్యం చాలలేదు. మీటింగులోనే పెట్టాను. గదిలో అందరం విన్నాం. మొదటినుంచి చివరిదాకా నా గొంతే. నేనే చదువుతున్నాను, నేనే అర్థం చెబుతున్నాను, నేనే ప్రశ్న అడుగుతున్నాను, జవాబు కూడా నేనే. ఒకచోట కిటికీ బయట మేక అరిచింది.

"మేక గూడ మాట్లాడింది," అన్నారు మేడం. "పిల్లలే మాట్లాడలె."

గదంతా పగలబడి నవ్వారు. నాకు కూడా నవ్వొచ్చింది. అన్ని నెలల్లో నా క్లాసు గురించి నేను నవ్వడం అదే మొదలు. నవ్వాక ఆమె తన మామూలు ప్రశ్న వేశారు: "గీ పాఠంల పిల్లలు చెయ్యాల్సిన పని ఏది?" నేను ఆలోచించాను. వాళ్లకు ఏ పనీ లేదు. వినడం, ఎక్కించుకోవడం. టీచరమ్మ నాకు ఆసరాకు వచ్చింది. "సార్, మీ పిల్లలు స్టేషన్ల అనౌన్సుమెంట్లు ఇంటరు గద? అవి వాళ్లకు నోటికొస్తయేమో అడగండ్రి. ఆడికెల్లి షురూ జెయ్యున్రి."

"మంచిగుంది. నేనొచ్చి చూస్త," అన్నారు మేడం. "నేను చూసినంక రివర్షన్ అడుగుతవో, ఏమడుగుతవో నీ ఇష్టం. మళ్ల నేను మాట్లాడ."

ఎప్పుడొస్తారో చెప్పలేదు. ఒక రోజు మధ్యాహ్నం ఆటో వచ్చి బడి ముందు ఆగింది. సంచితో దిగిన ఆమెను చూసి మా హెడ్‌మాస్టర్ తనిఖీ అనుకుని చెప్పులు సర్దుకుని పరుగెత్తుకొచ్చారు. "తనిఖీ గాదు సార్, విద్యార్థిని," అని ఆమె నేరుగా నా క్లాసుకు వచ్చి చివరి బెంచీలో ఆడపిల్లల మధ్య కూర్చున్నారు. వాళ్లు కిసకిస నవ్వుతూ జరిగారు.

స్టేషన్ పాఠం ఆ వారంలో చెప్పాలని అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. భయంలో చెయ్యి పుస్తకం మీదికే పోయింది. ఒక వాక్యం చదివాను. తెలుగులో అర్థం చెప్పాను. తలెత్తి చూస్తే మేడం శ్రద్ధగా రాసుకుంటున్నారు, పిల్లలు రాసుకున్నట్టే. అది చూసి పుస్తకం మూసేశాను. పోతే పోయింది, ఎలాగూ వెళ్లిపోయేవాణ్ణే కదా అనుకున్నాను.

బోర్డు మీద పట్టాలు గీశాను. ఒక ప్లాట్‌ఫాం గీశాను. "స్టేషన్ల మైకుల ఏం చెప్తరు?" అన్నాను. ఎవరూ లేవలేదు. మూడో వరుసలో ఒక తండా పిల్ల ఉంది. వాళ్ల నాయన మిరప కోతలప్పుడు కూలీలను రైలెక్కించి తీసుకొచ్చే మేస్త్రీ, ఆయనతో స్టేషన్లోనే ఎక్కువ తిరిగింది. ఏడాదిగా హాజరుకు తప్ప నోరు విప్పలేదు. ఆ పిల్ల చేతిలో డస్టర్ పెట్టి, "మైకు," అన్నాను. ఆ పిల్ల లేచి, డస్టర్ నోటి దగ్గర పెట్టుకుని, అచ్చం స్టేషన్లో వినపడే ఆ సాగదీసిన గొంతుతో అందుకుంది.

"మే ఐ హ్యావ్ యువర్ అటెన్షన్ ప్లీజ్..."

ఒక్క అక్షరం తప్పలేదు. రైలు ఆలస్యంగా నడుస్తోందని ముగించింది. క్లాసు నోరు తెరిచి చూస్తోంది. అప్పుడు చివరి బెంచీలోంచి మేడం సంచి భుజాన వేసుకుని లేచారు.

"వై లేట్?"

ఆ పిల్ల బిగుసుకుపోయింది. మైకులో దానికి జవాబు రాదు కదా. నేను అందించబోయాను. మేడం నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టారు. నేను ఉండాలో పోవాలో ఆ పిల్ల నోట్లో ఉన్నట్టు నిలబడ్డాను.

"బఫెలో," అంది పిల్ల.

"వాట్ బఫెలో?"

"బఫెలో... స్లీపింగ్. ట్రాక్."

క్లాసు గొల్లుమంది. ఇక ఆగలేదు. "నో మేడం, టూ బఫెలో!" అని ఒకడు. "డ్రైవర్ ఈటింగ్!" అని ఇంకొకడు. "డ్రైవర్ స్లీపింగ్, బఫెలో డ్రైవింగ్!" అని కిటికీ దగ్గరివాడు. మేడం కోపంతో ఊగిపోయే ప్రయాణికురాలైపోయారు. టికెట్ డబ్బులు వాపసు ఇమ్మన్నారు. "నో మనీ, గో బస్!" అని క్లాసంతా అరిచింది. తప్పులు గంపలకొద్దీ ఉన్నాయి. నాకు ఒక్కటీ దిద్దాలనిపించలేదు. హెడ్‌మాస్టర్ గుమ్మంలోకి వచ్చి, "ఏందిరా లొల్లి?" అన్నారు. డస్టర్ పట్టుకున్న పిల్ల ఆయన్ను ఎగాదిగా చూసి, "టికెట్, సార్?" అంది. ఆయన జేబు తడుముకున్నారు. తర్వాత గుర్తొచ్చి వెళ్లిపోయారు.

గంట కొట్టారు. ఎవరూ లేవలేదు.

ఆటో దాకా మేడంతో నడిచాను. ఆమె పాఠం గురించి ఏమీ అనలేదు. ఎక్కి కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకున్నాక, "సాయంత్రం ఆఫీసుకు పోతవా?" అన్నారు.

"ఇయ్యాల గాదు మేడం. రేపటికి పాఠం తయారుచేసుకోవాలె."

"అట్లనా," అన్నారు. అంతే.

ఆటో కదిలింది. పిల్లలు గేటు దాటి వెంటపడ్డారు. "మేడం! ట్రైన్ కమింగ్! కమ్ బ్యాక్!" అని ఒకటే కేకలు. ఆమె ఆటోలోంచి తల బయట పెట్టి, "టూ లేట్! ఐ యామ్ గోయింగ్!" అని చెయ్యి ఊపారు. మిరప చేల పక్కన మలుపు తిరిగే దాకా ఆ చెయ్యి ఊగుతూనే ఉంది. పిల్లలు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. ఆ మూడో వరుస పిల్ల మాత్రం రోడ్డు నడుమ నిలబడి, డస్టర్ నోటి దగ్గర పెట్టుకుని, లేచిన దుమ్ము వైపు తిరిగి, రైలు ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీదికి వస్తోందని ఇంకా చెబుతూనే ఉంది.